ఫిల్లింగ్ లేవలేదు, పన్ను దిగింది

నోట్లో ఏ చిన్న తేడా వచ్చినా ముందు పసిగట్టేది నాలుకే. కింద కుడివైపు దవడ పన్నుకి మూడేళ్ళ కిందట పన్ను రంగు ఫిల్లింగ్ పెట్టించుకున్నాను. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. నిరుడు వేసవిలో దాని అంచు నాలుకకి తగలడం మొదలైంది. అన్నం తినేటప్పుడు తెలిసేది కాదు. రాత్రి పదకొండు దాటాక డెస్కులో కూర్చుని పేజీలు దిద్దుతుంటే నాలుక తనంతట తానే అక్కడికి పోయి తడుముకునేది. వెనక్కి తెచ్చుకుంటే మళ్ళీ పోయేది. పది రోజులకి నాలుక పక్కన చిన్న పుండు లేచింది. దానికితోడు చల్లటి నీళ్ళు తాగితే ఆ వైపంతా జివ్వుమని లాగేది.

నేను విజయవాడలో ఓ దినపత్రికలో రాత్రి షిఫ్టు సబ్ ఎడిటర్ని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఎదుటివాడి తప్పు పట్టుకోవడం మా వృత్తి కాబట్టి ఇందులో తప్పు డాక్టరమ్మదేనని నేనే తేల్చేశాను. సిమెంటు సరిగ్గా పెట్టలేదు, అది లేచిపోతోంది. (మా ఇంట్లో ఇప్పటికీ ఏ ఫిల్లింగునైనా సిమెంటు అనే అంటారు.) పదిహేను వందలు పోసి పెట్టిస్తే మూడేళ్ళకే ఇలా అయిందని రెండు రోజులు సణిగాను. "ఆ సణిగేదేదో ఆవిడ దగ్గరికే వెళ్ళి సణగండి, నాకేం తెలుసు పళ్ళ సంగతి" అంది మా ఆవిడ.

వెళ్ళాను. కుర్చీలో వెనక్కి వాలకముందే "మేడమ్, మీరు పెట్టింది పైకి లేచిపోయింది" అన్నాను. డాక్టరు గారు వయసులో నాకన్నా చిన్నవారు, నెమ్మదస్తులు. ఏమీ అనకుండా చిన్న అద్దం పెట్టి చూశారు. సన్నటి గొట్టంతో గాలి కొట్టారు. ప్రాణం లేచిపోయింది, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తర్వాత సూదిమొన లాంటి పనిముట్టుతో ఫిల్లింగ్ అంచు చుట్టూ మెల్లగా గీస్తూ వచ్చారు. "గట్టిగానే ఉందండీ, ఎక్కడా వదల్లేదు" అన్నారు. పోట్లాడటానికి వెళ్ళినవాడికి ఇలాంటి జవాబు రుచించదు.

ఆవిడ అక్కడితో ఆపలేదు. ఎడమవైపు దవడ పళ్ళు చూశారు. తర్వాత అద్దాన్ని పై ముందు పళ్ళ వెనక్కి, అంగిలి వైపుకి తిప్పి చాలాసేపు చూశారు. నేను ఫిర్యాదు చేసింది కింది పన్ను గురించి, ఆవిడ చూస్తున్నది పై పళ్ళ వీపుని. మాట మారుస్తున్నారనుకున్నాను. చివరికి నోట్లో చిన్న కెమెరా పెట్టి ఫొటోలు తీసి, తెరమీద పెద్దవి చేసి చూపించారు.

అది నా పన్నేనా అనిపించింది. దవడ పన్ను మీద మెట్టల్లాంటివి ఉంటాయి కదా, వాటి కొనల్లో వేలిగోటితో నొక్కినట్టు గుంటలు పడ్డాయి. ఒక్కో గుంట అడుగున లోపలి పొర పసుప్పచ్చగా కనిపిస్తోంది. మధ్యలో నా ఫిల్లింగ్ మాత్రం చుట్టూ అంచు తేలి, గట్టులా నిలబడి ఉంది. కృష్ణలో నీళ్ళు తీసి ఇసుక కోసుకుపోయినప్పుడు వంతెన స్తంభాల కింద పునాది దిమ్మలు బయటపడతాయే, అచ్చం అలా.

"ఫిల్లింగ్ లేవలేదండీ. అది పెట్టినచోటే ఉంది. చుట్టూ పన్ను దిగింది" అన్నారు.

పై ముందు పళ్ళ వెనక భాగం ఇంకో ఫొటోలో ఉంది. మామూలుగా అక్కడ సన్నటి గట్లు, గీతలు ఉంటాయట. నాకు అవేవీ లేవు. మెరుగుపెట్టిన గాజులా నున్నగా అయిపోయింది. కొసలు పలచబడి వెలుతురు దూరుతోంది. "పళ్ళ బయటివైపు బాగానే ఉంది, లోపలివైపే కరిగింది. రాత్రిళ్ళు పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తాయా?" అని అడిగారు.

"గ్యాస్ అందరికీ ఉండేదే కదండీ" అన్నాను. మన దగ్గర కడుపులో ఏం జరిగినా దాని పేరు గ్యాసే. ఛాతీలో మంట గ్యాస్, ఉబ్బరం గ్యాస్, చివరికి నడుం పట్టేసినా గ్యాస్ పట్టిందంటాం. నాకు గుండెల్లో మంట అంతగా లేదు. కానీ ఆవిడ ఒక్కొక్కటీ అడుగుతుంటే గుర్తొచ్చాయి. పొద్దున లేవగానే గొంతులో గరగర. నోట్లో పులిసిన రుచి. వారానికి రెండు మూడుసార్లు నిద్రలో పుల్లటి నీళ్ళు ఎగదన్ని, దగ్గుకుంటూ లేచి కూర్చోవడం. వీటిని నేనెప్పుడూ జబ్బు లెక్కలో వేసుకోలేదు.

నా రాత్రి ఎలా గడుస్తుందో కూడా అడిగారు. చెబుతుంటే నాకే సిగ్గేసింది. సిటీ ఎడిషన్ వదిలేసరికి ఒంటిగంట అవుతుంది. ఆఫీసు బయట బండి దగ్గర నాలుగు మిరపకాయ బజ్జీలు. అవి అరగడానికని ఓ నిమ్మసోడా. ఇంటికి వెళ్ళాక మా ఆవిడ మూతపెట్టి ఉంచిన అన్నం, పప్పుచారు. రెండున్నరకి పడక. తిన్నది గొంతు దిగకముందే అడ్డంగా పడుకునేవాణ్ణన్నమాట. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుందట, గుటకలు కూడా చాలా తక్కువే. పగలైతే ఉమ్మే ఆ పులుపుని కడిగేస్తుంది. రాత్రి పైకి వచ్చింది వచ్చినట్టే పళ్ళ మీద కూర్చుంటుంది.

"మీ వంటింటి గట్టు కడప బండా, గ్రానైటా?" అన్నారు ఉన్నట్టుండి.

పాత ఇల్లు, కడప బండే అన్నాను.

"నిమ్మకాయ కోసినచోట మెరుగు పోయి మచ్చలు పడి ఉంటాయి, చూడండి."

చూడక్కర్లేదు. ఆ మచ్చల గురించి మా అమ్మ మా ఆవిడని, మా ఆవిడ మా అమ్మాయిని దశాబ్దాలుగా తిడుతూనే ఉన్నారు. కడప బండ సున్నపురాయి జాతి. పులుపు పడితే పైపొర కరుగుతుంది. గ్రానైటు మీద అదే నిమ్మరసం పడితే తుడిచేస్తే పోతుంది. పన్ను కడప బండ లాంటిదనీ, పన్ను రంగు ఫిల్లింగ్ అందులో పొదిగిన గ్రానైటు ముక్క లాంటిదనీ ఆవిడ చెప్పారు. చుట్టూ బండ కరిగితే ముక్క పైకి తేలినట్టు కనిపిస్తుంది.

ఆ రాత్రి డెస్కులో పని తక్కువ ఉంటే కొంచెం చదివాను. పంటి పైపొర ఎనామిల్, అదొక ఖనిజం. నోట్లో పీహెచ్ (పులుపుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కన్నా కిందికి దిగితే అది కరగడం మొదలుపెడుతుంది. దాని కిందున్న డెంటిన్ ఇంకా మెత్తన, ఆరు పైనున్నప్పుడే కరగడం మొదలవుతుంది. కడుపులోది హైడ్రోక్లోరిక్ యాసిడ్, దాని పీహెచ్ ఒకటీ రెండూ మధ్య. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 5.5 నుంచి 1.5కి అంటే పదివేల రెట్లు. నోటిదాకా వచ్చేసరికి తిండితో, ఉమ్మితో కలిసి కొంత పలచబడుతుందనుకోండి. అయినా ఆ లెక్క కాగితం మీద వేసుకుని చూస్తే కడుపులో తిప్పింది. చింతకాయ తింటే పళ్ళు పులిశాయంటాం, మర్నాటికి సర్దుకుంటుంది. నేను పద్దెనిమిదేళ్ళుగా పళ్ళు పులియబెట్టుకుంటున్నాను.

మర్నాడు ఫోన్ చేసి, "అంటే మీ ఫిల్లింగ్‌కి ఏమీ కాలేదన్నమాట" అన్నాను. నా గొంతులో కొంచెం వెటకారం ఉంది, ఒప్పుకుంటాను. "అలా అనలేదండీ, రండి, చూపిస్తాను" అన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఫిల్లింగ్‌నే పెద్దది చేసి చూపించారు. పెట్టినప్పుడు అద్దంలా ఉన్న పైభాగం మసకబారింది. చిన్న చిన్న గరుకులు, వాటిలో టీ రంగు పట్టి ఉంది. ఈ పన్ను రంగు పదార్థాన్ని కాంపోజిట్ అంటారు. పాత ఇళ్ళలో మొజాయిక్ గచ్చు గుర్తుందా, సిమెంటులో రాతిపలుకులు కలిపి పోసి పాలిష్ పట్టేవారు. ఇదీ అంతే. కంటికి కనిపించనంత సన్నటి గాజు రేణువులు, వాటిని పట్టి ఉంచే రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి ముద్ద, రెండింటికీ మధ్య అతుకు వేసే సిలేన్ అనే రసాయనం. కడుపులోని యాసిడ్ రోజూ తగులుతుంటే రెసిన్ పైపైన మెత్తబడుతుంది, అతుకు సడలుతుంది, అక్కడక్కడా రేణువులు రాలిపోతాయి. గచ్చులో పలుకులు లేచిపోయి గుంటలు పడ్డట్టే. నునుపు పోయినచోట రంగు పడుతుంది, పాచి పడుతుంది. కాకపోతే ఇదంతా పన్ను కరిగే వేగం ముందు చాలా నెమ్మది.

అసలు తేడా తెలిసింది ఇంకో ఫొటోలో. చాలా ఏళ్ళ కిందట వేరే ఊళ్ళో, పై ఎడమవైపు కోరపన్ను పక్క పన్నుకి చిగురు దగ్గర ఒక ఫిల్లింగ్ వేయించుకున్నాను. అదీ తెల్లదే. తెల్లవన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. అది గ్లాస్ అయోనమర్ అని వేరే రకమట. 1970ల మొదట్లో ఇంగ్లండులో విల్సన్, కెంట్ అనే ఇద్దరు తెచ్చిన పదార్థం. పంటికి దానంతట అదే అతుక్కుంటుంది, ఫ్లోరైడు కూడా వదులుతుంది, అందుకని చిగుళ్ళ దగ్గరా, పిల్లల పళ్ళకీ బాగా వాడతారు. దాని బలహీనత ఆమ్లం. గాజుపొడినీ ఆమ్లాన్నీ కలిపి గట్టిపరిచిన ఉప్పు లాంటి సరుకు కాబట్టి గట్టి పులుపు తగిలితే అదే కరుగుతుంది. నా పంటి మీద దాంట్లో సగమే మిగిలింది. మిగిలిన సగం వాన కొట్టిన మట్టిగోడలా అంచులు జారిపోయి ఉంది. ఒకే నోరు, ఒకే పులుపు. ఒక ఫిల్లింగ్ నిలబడితే చుట్టూ పన్ను పోయింది. ఇంకోచోట ఫిల్లింగే పోయింది.

"సరే, కొత్తవి పెట్టేయండి" అన్నాను.

"ఇప్పుడు పెట్టను" అన్నారు. "పైకప్పు కారుతుంటే గోడకి సున్నం వేసి ఏం లాభం? ముందు కారడం ఆపించుకురండి."

చీటీ రాసి గ్యాస్ట్రో డాక్టరు, అంటే కడుపు డాక్టరు దగ్గరికి పంపించారు. ఆయన పెద్దవారు. పళ్ళ డాక్టరు పంపిందంటే నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. కడుపులో పులుపు పైకి ఎగదన్నే ఈ జబ్బుకి (యాసిడ్ రిఫ్లక్స్) డాక్టర్లు కలిసి కుదుర్చుకున్న, 2006లో వచ్చిన మాంట్రియల్ నిర్వచనంలోనే పళ్ళ అరుగుదలని చేర్చారనీ, మంట లేకుండా దగ్గుతోనో గొంతుతోనో పళ్ళతోనో బయటపడేవాళ్ళు ఉంటారనీ చెప్పారు. గొంతులోంచి కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ రాశారు.

దాని గురించి అందరూ భయపెట్టారు గానీ చెప్పుకోవాల్సినంత లేదు. ముందురోజు రాత్రి నుంచి ఖాళీ కడుపు. గొంతులో చేదుగా ఓ మందు కొట్టారు, నాలుక మొద్దుబారి అరువు తెచ్చుకున్నట్టయింది. ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ వలయం పెట్టారు. రెండుసార్లు ఓకరింత, కళ్ళవెంట నీళ్ళు. పది నిమిషాల్లో బల్ల దిగాను. అన్నవాహిక అడుగున చిన్న ఒరుపులు, కడుపు మూతి దగ్గర కండరం కాస్త వదులు. యాసిడ్ తగ్గించే మాత్ర పాంటోప్రజోల్ 40, తిండికి అరగంట ముందు, రెండు నెలలు.

మాత్ర వేసుకోవడం తేలిక. మిగతావే కష్టం. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం అయిపోవాలన్నారు. అంటే నేను పదకొండున్నరకి, సరిగ్గా మొదటి పేజీ పీకలమీద ఉన్నప్పుడు తినాలి. చివరికి క్యారేజీ తెచ్చుకుని తొమ్మిదింటికే డెస్కులో తినడం మొదలుపెట్టాను. మొదటి వారం ఒంటిగంటకి కాళ్ళు వాటంతట అవే బజ్జీల బండి వైపు నడిచేవి. బండివాడు "ఏంటి సార్, ఒంట్లో బాలేదా?" అని పలకరించేవాడు. నిమ్మసోడా అయితే మానేశాను. గ్యాస్‌కి మందనుకుని తాగింది గాలీ, పులుపూ కలిపిన నీళ్ళే కదా. మా నాన్న పైత్యానికని బుగ్గన ఉసిరికాయ పెట్టుకుని గంటసేపు ఉంచేవాడు. ఆయన ముందు పళ్ళు చివర్లో ఎలా ఉండేవో ఇప్పుడు గుర్తొస్తోంది.

మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాం. అంటే దాదాపు ఆరంగుళాల ఎత్తు. రెండు దిళ్ళు వేసుకుంటే సరిపోదా అంటే, దిళ్ళతో మెడ ఒక్కటే వంగుతుంది, పొట్ట నొక్కుకుంటుంది, మంచమే వాలాలన్నారు. తెల్లారేసరికి ఇద్దరం కాళ్ళవైపుకి జారిపోయేవాళ్ళం. "నాకు లేని రోగానికి నేనెందుకు జారాలి" అని మా ఆవిడ నాలుగు రోజులు హాల్లో పడుకుంది. తర్వాత బరకగా ఉండే జంపఖానా పరిస్తే జారడం తగ్గింది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ మింగుడుపడనిది బ్రష్ సంగతి. పుల్లటి నీళ్ళు నోట్లోకి వచ్చిన ప్రతిసారీ లేచి, ఆ రుచి పోయేదాకా గట్టిగా తోముకునేవాణ్ణి. అదీ ఉప్పు కలిపిన పళ్ళపొడితో. శుభ్రం చేసుకుంటున్నాననుకున్నాను. యాసిడ్ తగిలిన పంటి పైపొర కాసేపు మెత్తగా ఉంటుంది. అప్పుడు తోమితే ఆ పొరని మన చేత్తో మనమే గీకేసినట్టు. ఫిల్లింగ్ పైనా అంతే. కదపకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి అది కొంత గట్టిపడుతుంది. ఇప్పుడు నీళ్ళతో పుక్కిలిస్తాను. మరీ పుల్లగా ఉంటే గ్లాసు నీళ్ళలో పావు చెంచా వంట సోడా వేసి పుక్కిలించి ఉమ్మేస్తాను. గంట తర్వాత మెత్తటి బ్రష్, ఫ్లోరైడు పేస్టు. పళ్ళపొడి డబ్బా మా ఆవిడ ఇత్తడి సామాను తోముకోవడానికి తీసుకుంది.

మూడు నెలలకి దగ్గు పోయింది. జివ్వుమనడం సగానికి తగ్గింది. అప్పుడు డాక్టరు గారు పని మొదలుపెట్టారు. పాత ఫిల్లింగ్ పీకలేదు. దాని పైభాగాన్ని కొద్దిగా గరుకు చేసి, సిలేన్ పూసి, దాన్నీ చుట్టూ పడ్డ గుంటల్నీ కలిపి కొత్త కాంపోజిట్‌తో కప్పుతామన్నారు. సిరామిక్ క్యాపు వేయించుకుంటే యాసిడ్‌ని ఇంకా బాగా తట్టుకుంటుంది కదా అని అడిగాను. "తట్టుకుంటుంది. కానీ దానికోసం మిగిలిన పన్నుని ఇంకా అరగదీయాలి. ఉన్నదే తక్కువ, దాన్ని తీయడం ఎందుకు? ఇది అరిగితే మళ్ళీ పైన వేసుకోవచ్చు" అన్నారు. ఆ మాట నచ్చింది.

పంటి చుట్టూ రబ్బరు తొడుగు బిగించి, నీలంరంగు జెల్ ఒకటి తీశారు. ఏమిటని కళ్ళతోనే అడిగాను.

"ఫాస్ఫారిక్ యాసిడ్, 37 శాతం."

నోరు తెరిచి ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కేకేసేవాణ్ణి. యాసిడ్ వల్లే పాడయిందని మూడు నెలలు బజ్జీలు మాన్పించి, ఇప్పుడు చేత్తో యాసిడ్ పూస్తున్నారు! ఇరవై సెకన్లు లెక్కపెట్టి కడిగేశారు. గాలి కొడితే ఆ మేర పన్ను సుద్దముక్కలా తెల్లబడింది. ఆ కొద్దిసేపట్లో ఎనామిల్ మీద కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. ద్రవంలా పూసే రెసిన్ వాటిలోకి దిగి గట్టిపడి వేళ్ళు తన్నినట్టు పట్టుకుంటుంది. లోహానికి రంగు బాగా అంటడానికి పరిశ్రమల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తారని గమనించి, అమెరికాలో మైకేల్ బ్యూనకోర్ అనే పళ్ళ డాక్టరు 1955లో ఈ పద్ధతి ప్రకటించాడని తర్వాత చదివాను. కాంపోజిట్ ఇవాళ పంటికి అంటుకుని నిలవడానికి మూలం అదే. రెండూ యాసిడ్లే. ఒకటి ఇరవై సెకన్లు లెక్కపెట్టి కడిగేసేది, ఇంకోటి రాత్రంతా అడిగేవాడు లేక ఉండిపోయేది.

తర్వాత కొద్దికొద్దిగా, రెండు మిల్లీమీటర్ల మందం మించకుండా పొరలు పెట్టి, ఒక్కో పొర మీద నీలి దీపం ఇరవై సెకన్లు వెలిగించారు. ఆ వెలుగుకే గట్టిపడుతుంది, మందంగా పెడితే అడుగుదాకా వెలుగు చేరదట. చివర్లో నీలం కాగితం కొరికించి, ఎక్కడ ఎత్తుగా తగులుతోందో గుర్తుపట్టి అరగదీశారు. మేం డెస్కులో కొత్తగా చేరినప్పుడు వాడిన కార్బన్ పేపర్ లాంటిదే. పాలిష్‌కి చాలా సమయం తీసుకున్నారు. నునుపు ఎంత బాగా వస్తే పులుపుకీ, టీ మరకకీ అంత తక్కువ చోటు దొరుకుతుందన్నారు. చిగురు దగ్గరి పాత గ్లాస్ అయోనమర్ తీసేసి అక్కడా కాంపోజిట్ పెట్టారు. ముందు పళ్ళ వెనకవైపు పని ఇంకో రెండు రోజులు పట్టింది. అన్నీ కలిపి తొమ్మిది వేలయింది. ఈసారి సణగలేదు.

ఆ రాత్రి డెస్కులో నాలుక అలవాటుగా అక్కడికి పోయింది. ఏమీ తగల్లేదు. కాసేపు వెతికి ఊరుకుంది.

ఈ జనవరిలో చూపించుకోవడానికి వెళ్ళాను. మొదటిరోజు ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూశారు. కొత్త గుంటలు లేవు, అంచులు తేలలేదు. కొత్త ఫిల్లింగ్ పక్కన ఒకచోట మాత్రం సన్నటి గోధుమరంగు గీత ఉంది. నా గుండె జారింది.

"ఇది యాసిడ్ కాదండీ, టీ" అని దాన్ని పాలిష్ చేసేశారు. "రోజుకి ఎన్ని తాగుతారు?"

మూడు అన్నాను. ఇంట్లో తాగేవి మూడే. డెస్కులో తాగేవి ఆవిడ అడగలేదు.